తొంభైతొమ్మిది ముళ్ల తాడు

శంఖపురిలో రాజు ఇంట పెళ్లంటే పందిరి ఒక్క కోటలో వేసి ఊరుకోరు. ఏడు వీధుల పొడుగునా వేస్తారు. పాలరాతి స్తంభాలకు పచ్చిపసుపు పూసి, వాటి మధ్య ముత్యాల జాలర్లు వేలాడగట్టి, పైన నెమలికంఠం రంగు పట్టు పరిచారు. దాని కింద నడిచేవాళ్ల భుజాల మీద ఎండ కూడా నీలంగా పడుతోంది. గుమ్మాలకు మామిడాకులు చాలక పక్క దీవులనుంచి పడవల మీద తెప్పించారు. గంధం అరగదీసే చప్పుడుకు ఊళ్లో చంటిపిల్లలు నిద్రపోవడం మానేశారు. వంటశాలల్లో పొయ్యి ఎక్కించిన బూరెల మూకుళ్లు మళ్లీ దింపిన పాపాన పోలేదు.

అన్నీ ఉన్నాయి. పెళ్లికూతురు ఉంది, పెళ్లికొడుకు ఉన్నాడు, ముహూర్తం ఉంది. పెళ్లి చేయించే మనిషే లేడు.

ఇదేం చోద్యం, అంత రాజ్యంలో ఒక పురోహితుడు దొరకలేదా అని మీరు అడుగుతారు. ఆ దేశం ఆచారం తెలియనివాళ్లెవరైనా అదే అడుగుతారు. అక్కడ రాజు కూతురి పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం పీట అప్పగింత అని ఒక వేడుక ఉంది. పెళ్లి ఎవరు చేయించాలో పెళ్లికూతురే ఎంచుకుంటుంది. ఆ మనిషి పీట మీద కూర్చోగానే రాజు తన వేలి శంఖముద్రిక తీసి అతని చేతికి ఇచ్చేస్తాడు. పిల్లను ధారపోసే తండ్రి చెయ్యి ఖాళీగా ఉండాలని వాళ్ల పెద్దలు పెట్టిన కట్టు. మర్నాడు మూడు ముళ్లూ పడేదాకా రాజు ఆ పీట మీది మనిషే. సముద్రం ఊరి మీదికి రాకుండా ఆపి ఉంచిన పన్నెండు రాతి తలుపులూ ఆ ఉంగరం మాటే వింటాయి. అలాంటి పీట మీద ఎవరిని పడితే వాళ్లను ఎలా కూర్చోబెడతారు?

అందుకని ఇంకో కట్టు. పీట ఎక్కేవాడి భుజాన నూరు ముళ్ల తాడు ఉండాలి. అతను చేయించిన ఒక్కో పెళ్లికి తాడుకు ఒక్కో ముడి. ఆ జంట విడిపోయిందా, ఆ ముడిని అతనే తన చేత్తో విప్పెయ్యాలి. పెళ్లిళ్లు చేయించడం ఎంతసేపు, నూరు కాపురాలు నిలబడాలి మరి. అలాంటివాళ్లు రాజ్యం మొత్తానికి ముగ్గురే మిగిలారు. ముగ్గురికీ ఒకే రోజున గొంతు పడిపోయింది. వైద్యులు శొంఠి, మిరియాలు, తేనె పోసి పోసి విసిగిపోయారు. ఇది ధూమ్రకేశుడనే మాంత్రికుడి పని అని అందరికీ తెలుసు. తల మీద వెంట్రుకలకు బదులు పొగ ఉండే ఆ దుర్మార్గుడు ఆ ఉంగరం కోసం ఎన్నేళ్లుగానో కాచుకుని ఉన్నాడు. తెలిసి ఏం లాభం, వాడు ఏ వేషంలో ఎక్కడున్నాడో తెలియందే.

ముహూర్తం అక్కడికి ఐదో రోజు గోధూళి వేళ. అది దాటితే సంబంధం రద్దు. దాటిపోయినా ధవళకీర్తి మహారాజుకు పెద్ద బెంగ ఉండేది కాదేమోనని నా అనుమానం. ఎందుకంటే పెళ్లికొడుకు మైలారుడు రాజుల బిడ్డ కాడు. రేవులో పడవలకు తాళ్లు పేనే ఇంట్లో పుట్టినవాడు. మొసలిదీవి రాక్షసి చెరలోంచి రాకుమారి మౌక్తికవల్లిని విడిపించి తెచ్చాడు కాబట్టి, ఇచ్చిన మాట ప్రకారం అల్లుడు కాబోతున్నాడు. రాజు మాట తప్పలేదు గాని ఒక్కనాడూ అతన్ని పేరు పెట్టి పిలవలేదు. "తాళ్లవాడా" అనే పిలుస్తాడు.

ఆ తాళ్లవాడు ఇప్పుడు గరుడకొండ ఎక్కుతున్నాడు. కొండకొమ్మున శరభయ్య అనే వృద్ధుడున్నాడని, ఒకప్పుడు ఆయన తాడుకు నూరు ముళ్లుండేవని గొంతు పోయిన రాజపురోహితుడు ఇసుకలో వేలితో రాసి చూపించాడు. అంతే, మైలారుడు తలకు పాగా, నడుముకు పురికొస చుట్టుకుని బయలుదేరాడు. మొదటి రోజు ముళ్లపందుల మంద తరిమింది. రెండో రోజు శంఖధార నదిలో బండరాయి కదా అని ఎక్కి కూర్చున్నది కాస్తా రాక్షస తాబేలు వీపని తేలింది. అది మునగబోయింది. అతను దాని మెడకు ఉచ్చు వేసి తల పైకి లాగి పట్టాడు. ఒక ఘడియసేపు ఇద్దరూ పంతం పట్టారు. చివరికి మైలారుడే ఉచ్చు విప్పి, మూటలోంచి అచ్చుబెల్లం తీసి దాని నోటికి అందించాడు. ఆ రుచి మరిగిన తాబేలు అతన్ని కొండ మొదట్లో దింపి, నీళ్లలో తల మాత్రం పైకి పెట్టి, మళ్లీ బెల్లం ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉండిపోయింది.

మూడో రోజు ఎండ ఎక్కే వేళకు అతను కొమ్ము చేరాడు. ఎంత అందమైన చోటని. కింద మబ్బులు ఏకిన దూదిలా పరుచుకుని ఉన్నాయి. రాళ్ల సందుల్లో పొగడచెట్లు విరగబూశాయి. మధ్యన ఒక రాతి గుడిసె, దాని అరుగు మీద చూపు లేని ముసలాయన. ఒళ్లో చుట్ట చుట్టిన పాత తాడు ఉంది. ఆయన దాన్ని ముడి తర్వాత ముడి తడుముతూ తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. ఇది ఉప్పరివాళ్ల అమ్మాయి, కోపిష్టిది, మొగుడు నెమ్మదస్తుడు, ఈ వానకు ఇల్లు కప్పుకున్నారో లేదో. ఇది గొర్రెల కాపరి, పాపం నత్తివాడు, ప్రమాణం చెప్పడానికి అరపూట పట్టింది, ఆ పిల్ల మాత్రం విసుక్కోకుండా నిలబడింది. ఇలా ఒక్క జంటనూ వదలకుండా యోగక్షేమాలు విచారిస్తున్నాడు.

మైలారుడు పిలవబోయి ఆగిపోయాడు. దండాలు, దక్షిణలు పుచ్చుకుని పెళ్లి దాటగానే మొహాలు మరిచిపోయేవాళ్లను అతను చాలామందిని చూశాడు. మొహమే చూడని ఈయన ఎవరినీ మరవలేదు. ఈయనే నా పెళ్లి చేయించాలి, ఇంకెవరూ వద్దు అనిపించింది. అక్కడికక్కడే నేల మీద సాగిలపడి దండం పెట్టి, తన పెళ్లికి నూరు ముళ్ల తాడున్న అయ్యవారు కావాలని చెప్పాడు.

శరభయ్య అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"నేను పనికిరాను నాయనా. నా తాడుకు తొంభైతొమ్మిదే. ఒకటి విప్పేశాను. అది జరిగాక ఇంకెవరికీ పెళ్లి చేయించబుద్ధి కాలేదు."

ఇంత కొండ ఎక్కి ఒక్క ముడి దగ్గర ఓడిపోయానా అనుకున్నాడు మైలారుడు. ఏ రాజ్యం, ఎవరి కూతురు అని ముసలాయన అడిగాడు. ధవళకీర్తి మహారాజు కూతురని చెప్పగానే తాడు మీద ఆయన వేళ్లు ఆగిపోయాయి. ఆయన లేచి కర్ర అందుకుని, పీట మీద మాత్రం కూర్చోనని, ఆ రాజుతో తనకు ఒక మాట ఉంది కాబట్టి వస్తానని అన్నాడు. ఏమిటా మాట అంటే చెప్పలేదు.

కొండ దిగడానికి రాతిలో తొలిచిన వెయ్యి మెట్లున్నాయి. ఉన్నాయి అనడం తప్పు, వాళ్లు మొదటి మెట్టు మీద కాలు పెట్టేదాకా ఉన్నాయి. అప్పుడే ఆకాశంలోంచి ఇనపముక్కు డేగలు దిగాయి, ఒకటీ రెండూ కాదు, నల్లటి మబ్బులా. అవి మనుషుల జోలికి రాకుండా మెట్ల మీద పడి టంగు టంగున పొడిచాయి. చూస్తుండగానే మెట్లన్నీ పిండిపిండి అయి లోయలోకి రాలిపోయాయి. పంపినవాడు తెలివైనవాడే. మనిషిని చంపితే మరో మనిషి వస్తాడు, దారి చంపితే ఎవడూ రాడు.

కింద కొంత దూరంలో ఇంటి చూరులా పొడుచుకొచ్చిన నాపరాయి ఉంది, అక్కడినుంచి కాలిబాట. దానికీ వీళ్లకూ మధ్య నిలువు గోడలాంటి కొండ. మైలారుడి నడుముకున్న పురికొస మనిషి బరువుకు ఆగేది కాదు. ఏం చెయ్యాలో తోచక నిలబడితే, ఎదురుగా ఏం జరిగిందో చప్పుడును బట్టే గ్రహించిన శరభయ్య తన తాడు చుట్ట తీసి అతని చేతిలో పెట్టాడు. తమరి ప్రాణం లాంటిది, రాతికి ఒరుసుకుంటే పాడైపోతుందని మైలారుడు వెనకాడాడు.

"ఇన్నాళ్లూ వీళ్లను నేను మోశాను. ఇవాళ వీళ్లు నన్ను మోస్తారు. కట్టు," అన్నాడు ముసలాయన.

తాళ్ల ఇంట్లో పుట్టినవాడికి కట్టడం చెప్పాలా? పొగడచెట్టు మొదలుకు జారుముడి వేసి, ఆ ముడికి పురికొస తగిలించాడు. దిగాక పురికొస గుంజితే తాడంతా ఊడి చేతికొస్తుంది. శరభయ్యను వీపున పాగాతో బిగించుకుని గోడ మీదికి దిగాడు. డేగలు ఇప్పుడు మనుషుల మీదికే వచ్చాయి. రెక్కలతో మొహాన కొడుతున్నాయి, కళ్లు మూసుకోక తప్పలేదు. ఇక అతనికి దారి చూపింది ముళ్లే. ఒక ముడి ఒక పక్క బిగువు, మరో పక్క వదులు. ఇంకొకటి ఎడమ వాటం. ఇంకొకటి ఎవరో చేతులు వణుకుతూ వేసినట్టు వంకరగా ఉంది. పుట్టిబుద్ధెరిగాక ఇన్ని ముళ్లు వేసి విప్పిన అరచేతులకు ఏ రెండూ ఒకేలా తగల్లేదు.

ఇదేమిటి అయ్యవారూ ఇలా ఉన్నాయని, ఆ అవస్థలోనూ అడిగాడు. ముసలాయన అతని చెవి దగ్గరే నింపాదిగా చెప్పాడు. తలంబ్రాలు అయ్యాక పెళ్లికొడుకు కుడిచెయ్యి ఒకటి, పెళ్లికూతురి ఎడమచెయ్యి ఒకటి, రెండూ కలిపి ఆ ముడి వెయ్యాలట. చేయించేవాడు ముట్టుకోకూడదట. ఒక్కో జంటకు ముడి పడటానికి ఎంతసేపు పడుతుందో, ఎవరు లాగుతారో ఎవరు వదులుతారో కనిపెట్టి, నవ్వుకుని, తాడు భుజాన వేసుకుని వచ్చేస్తాడట.

అరవై ముళ్లు దాటాక ఒకచోట చెయ్యి జారింది. ముడి ఉండాల్సిన చోట ముడి లేదు. ఇద్దరూ జానెడు కిందికి జారి, కింది ముడి చిటికెన వేలికి తగిలి ఆగారు.

"అక్కడేనా?" అన్నాడు శరభయ్య మెల్లగా.

చూరు మీద కాళ్లు ఆనగానే మైలారుడు పురికొస గుంజాడు. తాడు సర్రున జారి వచ్చి భుజాన పడింది. ఆ తర్వాత పరుగే పరుగు. కాలిబాట, డేగలు దూరలేని చీకటి గుహ, నదిగట్టు. బెల్లం కోసం కాచుకున్న తాబేలు వీళ్లను చూసి తనే ఒడ్డుకొచ్చింది. మిగిలిన అచ్చు దాని నోట్లో పెట్టి ఇద్దరూ వీపెక్కారు. వరద నీటిలో అది ఈదిన వేగం చూస్తే తాబేలుకు నెమ్మది అంటగట్టిన వాళ్లెవరో దీన్ని చూసి ఉండరనిపిస్తుంది.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం వీపున ముసలాయనతో మైలారుడు కోట పందిట్లోకి దూసుకొచ్చేసరికి అక్కడ పీట మీద ఒకాయన దాదాపు కూర్చోబోతున్నాడు. ఉత్తరదేశపు పండితుడట, పేరు వేదఘోషుడట. పచ్చని మొహం, పెద్ద తలపాగా, కంచుగంట లాంటి గొంతు. భుజాన తెల్లగా మెరిసే నూరు ముళ్ల తాడు. మంత్రి రెండుసార్లు లెక్కపెట్టించాడు, సరిగ్గా నూరు. ఇక రాకుమారి అక్షతలు వేసి ఎంచుకోవడమే తరువాయి. మౌక్తికవల్లి మాత్రం అక్షతల పళ్లెం పట్టుకుని పొద్దుటినుంచీ ఆయన్ని ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ నిలబెట్టి ఉంచింది. అన్నిటికీ తప్పు లేకుండా జవాబు చెబుతున్నాడు. అడగడానికి ఆమె దగ్గర ఇంకేమీ మిగల్లేదు, అయినా పళ్లెం వంచలేదు. మైలారుడు వస్తాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వస్తాడని తెలుసు, అంతే. అలాంటి పిల్లకోసం కొండ గోడ దిగడం ఒక లెక్కా అనుకున్నాడు మైలారుడు ఆమెను చూడగానే.

రాజు అప్పటికే ఉంగరాన్ని వేలి కణుపు దాకా లాగాడు. మైలారుణ్ణి చూసి విసుగ్గా, ఆ ముసలాయన తాడుకు ఎన్ని ముళ్లున్నాయని అడిగాడు. అబద్ధం ఆడితే సరిపోయే చోట శరభయ్య నోరు తెరిచి తొంభైతొమ్మిది అన్నాడు. సభలో నవ్వులు వినబడ్డాయి.

మైలారుడు నవ్వులు పట్టించుకోలేదు. అతని చూపు ఆ తెల్లని తాడు మీద ఉంది. ఒక్కసారి చేత్తో పట్టుకుని చూస్తానని రాకుమారిని అడిగాడు. ఎంచుకునే హక్కు ఆమెది, ఆమె సరేనంది. వేదఘోషుడు ఇవ్వక తప్పలేదు. మైలారుడు కళ్లు మూసుకుని, కొండ మీద దిగినట్టే, ముడి తర్వాత ముడి అరచేతిలోంచి జార్చాడు. సభ మొత్తం ఆ చేతుల్నే చూస్తోంది.

"మహారాజా, మంత్రిగారు వీటిని లెక్కపెట్టించారు గాని చూడలేదు," అన్నాడు కళ్లు తెరిచి. "ఇవన్నీ ఒకే వాటం, ఒకే బిగువు. ఒక్కడే కూర్చుని ఒక్క పూటలో వేసిన ముళ్లు. ఇందులో ఆడమనిషి చెయ్యి ఒక్కదానికీ తగల్లేదు. మన దేశంలో పెళ్లయిన వాళ్లు ఇంతమంది ఇక్కడే ఉన్నారు. తమ ముడి తామెలా వేశారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోమనండి."

సభలో భార్యలు భర్తల వైపు, భర్తలు భార్యల వైపు చూసుకున్నారు. ఇంతమంది కళ్లెదుట ఉన్నదాన్ని ఇంతసేపూ ఎలా చూడలేకపోయామని సిగ్గుపడ్డారు. ఆ పరదేశపు పండితుడికి మంత్రాలన్నీ వచ్చు. ఆ ముడికి రెండు చేతులు కావాలన్న సంగతి ఒక్కటే ఎవరూ చెప్పలేదు.

వేదఘోషుడి తలపాగా అంచునుంచి సన్నగా పొగ లేచింది. అతను ఒక్క గెంతులో రాజు చేతి మీదికి దూకాడు. మౌక్తికవల్లి పళ్లెంతో సహా అక్షతలు వాడి మొహాన విసిరింది. పళ్లెం ఠంగుమని తగిలి తలపాగా ఊడింది. ధూమ్రకేశుడు గొంతు చించుకుని అరిచి, నల్లటి పొగగా మారి పందిరి పట్టు మీదికి పాకాడు. ఉంగరం రాజు వేలికే ఉండిపోయింది.

ఊపిరి పీల్చుకున్న రాజు స్వయంగా వచ్చి శరభయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఒక్క ముడిదేముంది, పీట ఎక్కండి అన్నాడు. ముసలాయన కదలలేదు.

"ఒక్క ముడి లేని చోట నిన్న నేనూ, తమ అల్లుడూ లోయలో పడబోయాం. నూరు నిండందే పీట ఎక్కను మహారాజా. ఆ విప్పిన ముడి ఎవరిదో తమకు తెలుసు."

రాజు శరభయ్య చెయ్యి వదిలేశాడు. పన్నెండేళ్ల కిందట మహారాణి సుగాత్రీదేవి ఏదో వ్రతం పట్టి ఉప్పుదీవికి వెళ్లిందని లోకమంతా అనుకుంటోంది. కూతురికీ అదే చెప్పారు. ఎవరో మోసిన చాడీ నమ్మి, ఒక్క మాటైనా అడగకుండా ఆమెను పడవ ఎక్కించింది రాజేనని, ఆ రోజే శరభయ్య వాళ్ల ముడి విప్పి, తాడు భుజాన వేసుకుని కొండ ఎక్కేశాడని ఆ ఇద్దరికే తెలుసు. ఇప్పుడు శరభయ్య నోటి వెంట సభలో అందరికీ తెలిసింది. మౌక్తికవల్లి తండ్రి వైపు చూసింది. ఆయన ఆ చూపుకు తట్టుకోలేక తల దించుకున్నాడు.

రాజు తాడు వైపు చూసి, ఆ చోటు చూపించమన్నాడు. మైలారుడు చూపించాడు. ముడి లేదు గాని, జనపనార అక్కడ మెలిక తిరిగి అలాగే ఉంది.

"పన్నెండేళ్లయినా మెలిక పోలేదు మహారాజా," అన్నాడు మైలారుడు. "ఇలాంటి చోట ముడి మళ్లీ వెయ్యడం తేలిక. కాకపోతే రెండు చేతులూ ఉండాలి."

పైన పట్టు మీద ఏదో కదిలింది. ఇంతసేపూ అక్కడే నక్కి అంతా విన్న నల్లటి పొగ జర్రున బయటికి జారి, సముద్రం మీదుగా ఉప్పుదీవి వైపు సాగిపోయింది. రాణి దక్కకపోతే ముడి లేదు, ముడి లేకపోతే పెళ్లి లేదు. ముహూర్తానికి ఒక పగలూ ఒక రాత్రీ మిగిలాయి.

సేనాపతి ఓడలు సిద్ధం చేయించబోయాడు. రాజు వద్దన్నాడు. కిరీటం తీసి పీట మీద పెట్టాడు. ఉంగరాన్ని కూతురి గుప్పిట్లో ఉంచి వేళ్లు మూశాడు. ఖాళీ చేతులు చూసుకుని, పెళ్లికొడుకు వైపు తిరిగాడు.

"మైలారా, ఈ అయ్యవారిని కొండ మీదినుంచి మోసుకొచ్చావు. నన్ను ఆమె గుమ్మం దాకా తీసుకెళ్లగలవా?"

మైలారుడు తలూపి తాడు భుజాన వేసుకున్నాడు. వంటశాలలోంచి ఒక బెల్లపు బుట్ట ఎత్తుకుని ముందు నడిచాడు. చెప్పులు కూడా లేకుండా మహారాజు అతని వెనకే రేవు మెట్లు దిగి, నీళ్లలో కాచుకుని ఉన్న తాబేలు వీపు మీదికి ఎక్కాడు.